ఈ వారం తెలుగువాళ్లు ఏం వెతికారు? జాబితా మీరే తయారుచేసుకునే పద్ధతి

2025 ఆగస్టు 24 ఆదివారం నుంచి 30 శనివారం దాకా నడిచిన వారాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. 27 బుధవారం వినాయక చవితి. సరిగ్గా ఆ రోజే కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కుండపోత మొదలైంది. మర్నాటికి కాలనీలు, రోడ్లు నీట మునిగాయి, రైళ్లు ఆగిపోయాయి. అదే 27 నుంచి మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల గుండెల్లో రాయి పడింది. ఆంధ్రలో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ రాసినవాళ్లు కాల్ లెటర్లు, సర్టిఫికెట్ల పరిశీలన కోసం ఎదురుచూస్తున్నారు. ఐపీఎల్‌కు వీడ్కోలు చెబుతున్నానని అశ్విన్ ప్రకటించిందీ ఆ బుధవారమే.

ఇన్ని సంగతుల మధ్య జనం ఫోన్ తీసి ఏం అడిగారు? పత్రికల మొదటి పేజీ చూస్తే ఏం జరిగిందో తెలుస్తుంది. జనానికి ఏం తెలియక, ఏం కావలసి వెతికారో మాత్రం అందులో ఉండదు. ఆ రెండోది తెలుసుకోవడం స్థానిక విలేకరికి, యూట్యూబ్‌లో వార్తలు చెప్పేవాళ్లకు, వికీపీడియాలో రాసేవాళ్లకు, జర్నలిజం చదివే పిల్లలకు చాలా అవసరమని నా నమ్మకం. దీనికి పైసా ఖర్చు లేదు. కంప్యూటరు, నెట్, ఒక స్ప్రెడ్‌షీట్, ఒక సాయంత్రం చాలు. ఫోన్‌లోనూ చేయవచ్చు, కానీ పట్టికలు సరిచూడటానికి పెద్ద తెర ఉంటే నయం. పై వారాన్నే ఉదాహరణగా పెట్టుకుని పని నేర్చుకుందాం.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

“ఎక్కువగా వెతికింది ఏమిటి” అన్న మాటలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి.

మొదటిది, మొత్తం మీద ఎక్కువసార్లు టైపు చేసినవి. యూట్యూబ్, వాతావరణం, బంగారం ధర, క్రికెట్ స్కోరు లాంటివి. ఇవి వారం వారం పెద్దగా మారవు కాబట్టి వీటితో ఆ వారం గురించి తెలిసేది తక్కువ. రెండోది, మామూలు కన్నా ఒక్కసారిగా పెరిగినవి. మూడోది, వెతికాక నిజంగా తెరిచి చదివినవి.

వారపు జాబితాకు కావలసినవి రెండోది, మూడోది. రెండోదానికి గూగుల్ ట్రెండ్స్ (గూగుల్‌లో జనం వెతికేవాటి పోకడలను చూపే సైటు), మూడోదానికి వికీపీడియా వీక్షణల లెక్కలు వాడతాం. ఈ రెండిటినీ ఒకే వరుసలో కలిపి “టాప్ టెన్” అని పెట్టేస్తుంటారు. అది తప్పు. ఒకటి పెరుగుదల, ఇంకొకటి ఎన్నిసార్లు తెరిచారన్న లెక్క. స్ప్రెడ్‌షీట్‌లో రెండిటికీ వేరు వేరు నిలువు వరుసలు పెట్టండి.

2. వారానికి హద్దులు గీయండి

ఆదివారం నుంచి శనివారం దాకా పెట్టుకోండి. ట్రెండ్స్ వారపు లెక్కలు ఆదివారంతోనే మొదలవుతాయి, ఇంగ్లీషు వికీపీడియాలో వాలంటీర్లు 2013 నుంచి వారం వారం తయారుచేస్తున్న, ఎక్కువగా చూసిన 25 వ్యాసాల నివేదిక కూడా ఆదివారం నుంచి శనివారం దాకానే. రేపు మీ జాబితాను వాటితో పోల్చుకోవడానికి వీలవుతుంది.

తర్వాత గడియారం. ట్రెండ్స్‌లో ఏడు రోజులు, అంతకు లోపు వ్యవధి తీసుకుంటే సమయం మీ కంప్యూటరు గడియారం ప్రకారం కనిపిస్తుంది. 30 రోజులు, ఆ పైన తీసుకుంటే యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, ప్రకారం. వికీపీడియా వీక్షణలు ఎప్పుడూ యూటీసీయే. యూటీసీలో రోజు మనకు ఉదయం 5:30కి మొదలవుతుంది. అంటే చవితినాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పీట కడిగి, ఫోన్‌లో వ్రతకథ వెతికిన ఇల్లాలు మంగళవారం లెక్కలో చేరుతుంది. పండుగలకు, తెల్లవారుజామున విడుదలయ్యే సినిమాలకు ఈ తేడా బాగా కనబడుతుంది. “పండుగ ముందురోజే పెరిగింది” అని రాసేముందు ఇది చూసుకోండి.

ప్రవాసుల విషయంలో తేడా ఇంకా పెద్దది. 2025 సెప్టెంబర్ 19 శుక్రవారం హెచ్-1బీ కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. అక్కడ శుక్రవారం సంతకమయ్యేసరికి మనకు శనివారం వచ్చేసింది. శనివారం అర్ధరాత్రి దాటి ఒక నిమిషానికి అది అమల్లోకి వస్తుందన్నారు. మన గడియారంలో అది ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. సెలవుకు హైదరాబాద్ వచ్చిన ఇంజనీరు, డాలస్‌లో ఉన్న అతని భార్య ఆ గంటలో ఒకే సంగతి వెతికినా, ఎవరి గడియారం ప్రకారం వాళ్లు చూస్తే ఆమె వెతుకులాట ఒక వారంలో, అతనిది మరుసటి వారంలో పడుతుంది. ఇలాంటి వారాంతపు సంఘటన వచ్చినప్పుడు రెండు వారాలనూ కలిపి చూసి, ఆ సంగతి జాబితాలో ఒక ముక్కగా రాయండి.

3. శనివారం రాత్రి దాటకముందే ‘ట్రెండింగ్ నౌ’ భద్రపరచండి

ట్రెండ్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిస్తే ‘ట్రెండింగ్ నౌ’ అనే విభాగం ఉంటుంది. 2024 ఆగస్టులో దాన్ని పూర్తిగా మార్చారు. పది నిమిషాలకోసారి తాజా అవుతుంది. దేశం దగ్గర భారతదేశం పెట్టి, రాష్ట్రం ఎంచుకునే వీలున్న చోట తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విడివిడిగా చూడండి. వ్యవధి దగ్గర నాలుగు గంటలు, 24 గంటలు, 48 గంటలు, ఏడు రోజులు అని ఉంటాయి. ఏడు రోజులు పెట్టండి.

ఏడు రోజులకన్నా వెనక్కి వెళ్లడానికి ఇక్కడ దారి లేదు. అందుకే ఈ పని వాయిదా వేయకూడదు. పైన ఎక్స్‌పోర్ట్ అన్న బటన్ ఉంటుంది, దానితో సీఎస్‌వీ ఫైలు (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే పట్టిక) దించుకుని, పేరులో వారం తేదీలు పెట్టి దాచండి. వారం మధ్యలో, అంటే బుధవారం రాత్రి కూడా ఒకసారి దించుకుంటే ఏ సంగతి ఎప్పుడు లేచి ఎప్పుడు చల్లారిందో తేలిగ్గా తెలుస్తుంది.

ఆ పట్టికలో ఒక్కో వరుస పక్కన వెతుకులాటల అంచనా, మొదలైన సమయం, ఇంకా నడుస్తోందా ఆగిపోయిందా, ఆ సంగతికి సంబంధించి జనం టైపు చేసిన ఇతర మాటలు ఉంటాయి. మీరు ఎక్కువసేపు గడపాల్సింది ఈ చివరి వరుస దగ్గర. శీర్షికలో ఒక ఊరి పేరే ఉండవచ్చు. దాని వెనక మాటలు చూస్తే కొందరు వరద ఫొటోలకు, కొందరు రైళ్ల రద్దుకు, కొందరు బడులకు సెలవుందో లేదో తెలుసుకోవడానికి వెతికారని బయటపడుతుంది. అంచనా అంకెలు మాత్రం స్థూలమైనవి. “20 వేలు పైన” అంటే దాన్ని 20 వేలుగా తీసుకుని కూడికలు, శాతాలు కట్టకండి.

4. ఒక్కో సంగతిని ‘ఎక్స్‌ప్లోర్’లో పరీక్షించండి

ఎక్స్‌ప్లోర్ అంటే ట్రెండ్స్‌లోనే, మీరు ఇచ్చిన మాటను వెతకడం ఎప్పుడు పెరిగిందో తగ్గిందో గీతగా చూపే విభాగం. తెలుగు విషయంలో తప్పులన్నీ దాదాపు ఇక్కడే జరుగుతాయి. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఎక్స్‌ప్లోర్‌లో ఏదైనా టైపు చేయగానే కింద రెండు రకాల సూచనలు వస్తాయి. ఒకటి ‘సెర్చ్ టర్మ్’, అంటే మీరు టైపు చేసిన అక్షరాలు. రెండోది ‘టాపిక్’, అంటే ఆ సంగతికి గూగుల్ కట్టిన మూట. ఏ భాషలో, ఏ లిపిలో వెతికినా అది ఈ మూటలోకి చేరుతుంది. వినాయక చవితిని టాపిక్‌గా పెడితే తెలుగు, హిందీ, ఇంగ్లీషు వెతుకులాటలన్నీ కలిసి వస్తాయి. సెర్చ్ టర్మ్‌గా పెడితే ఆ అక్షరక్రమం ఉన్నవే వస్తాయి. అక్షరదోషాలు, వేరే స్పెల్లింగులు, అదే అర్థం ఉన్న ఇతర మాటలు చేరవు.

ఇప్పుడు మనవాళ్లు టైపు చేసే తీరు ఆలోచించండి. ‘చవితి’ని తెలుగు లిపిలో రాసేవాళ్లు ఉన్నారు, మైకు నొక్కి చెప్పేవాళ్లు ఉన్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లలో చివరి ‘తి’కి టీ-ఐ పెట్టేవాళ్లు కొందరు, టీ-హెచ్-ఐ పెట్టేవాళ్లు కొందరు, ‘వి’కి డబ్ల్యూ వాడేవాళ్లు ఇంకొందరు. ‘వ్రతకథ’, ‘వ్రత కథ’ అని కలిపీ విడదీసీ రాస్తారు. అందులో ఒక్క రూపం తీసుకుని “తెలుగువాళ్లు వ్రతకథ వెతకడం తగ్గింది” అంటే ఆ మాటకు విలువ లేదు. జనం స్పెల్లింగ్ మార్చారేమో, తెలుగు కీబోర్డుకు మారారేమో.

దీనికి మార్గం కూడిక గుర్తు. తెలుగు లిపి రూపం, ఇంగ్లీషు అక్షరాల రూపాలు అన్నీ రాసి మధ్య ప్లస్ పెట్టండి. వాటిలో ఏది వెతికినా లెక్కలోకి వస్తుంది. అనవసరమైన అర్థాన్ని తీసేయాలంటే ఆ మాట ముందు మైనస్ పెట్టండి. మాటలు అదే వరుసలో ఉండాలంటే ఉద్ధరణ చిహ్నాల మధ్య రాయండి. వాడిన రూపాలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడిలో రాసిపెట్టుకోండి. వచ్చే ఏడాది పోల్చేటప్పుడు అవే రూపాలు వాడకపోతే పోలిక చెల్లదు.

పెద్ద సంగతికి టాపిక్, చిన్న ప్రశ్నకు సెర్చ్ టర్మ్ వాడటం నా అలవాటు. పండుగ మొత్తానికి టాపిక్ పెడతాను. “21 పత్రుల పేర్లు” లాంటి వాటికి టాపిక్ ఉండదు కాబట్టి కూడిక గుర్తుతో సెర్చ్ టర్మ్ కడతాను. టాపిక్ ఎంచుకునేటప్పుడు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న వివరణ చదవండి. కామారెడ్డి అంటే పట్టణం, జిల్లా, శాసనసభ నియోజకవర్గం. ఏ మూట తీసుకున్నారో తెలియకుండా గీత చూస్తే ఎన్నికల నెలలో లేచిన గీతను వరద గీతతో పోలుస్తారు.

ఇంకో రెండు సెట్టింగులు. పైన ‘వెబ్ సెర్చ్’ అని ఉన్నచోట నొక్కితే యూట్యూబ్, బొమ్మలు, వార్తలు, షాపింగ్ విడిగా చూడవచ్చు. మన వారాలకు యూట్యూబ్ తప్పనిసరి. వ్రతకథను చదవకుండా పెట్టుకుని వినే ఇళ్లు, మోటారు బాగుచేసుకోవడాన్ని వీడియోలో చూసి నేర్చుకునే రైతులు అక్కడ కనిపిస్తారు. యూట్యూబ్ సొంత ‘ట్రెండింగ్’ పేజీని 2025 జూలైలో తీసేశారు కాబట్టి ఈ దారి ఇంకా ముఖ్యమైంది. రెండోది వ్యవధి. ‘గడచిన ఏడు రోజులు’ పెడితే గంట గంటకూ చుక్క పడుతుంది, 90 రోజులు పెడితే రోజుకొకటి, ఏడాది పెడితే వారానికొకటి. మా ఉదాహరణలా పాత వారానికి తేదీలు ఇచ్చి చూస్తే గంటల వివరం పోయి రోజు లెక్కే మిగులుతుంది. గంటల గీత కావాలంటే అదే వారంలో దించుకోవాలి.

5. వంద అంటే ఏమిటో అర్థం చేసుకోండి

గీత మీద కనిపించే 0 నుంచి 100 దాకా అంకెలు వెతికినవాళ్ల సంఖ్య కాదు. మొత్తం వెతుకులాటల్లో ఆ సంగతి వాటా ఎంతో చూసి, మీరు తీసుకున్న వ్యవధిలో ఎక్కువ వాటా ఉన్న చుక్కకు 100 ఇచ్చి, మిగతావాటిని దానితో పోల్చి చూపిస్తారు.

ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. సాయంత్రం ఏడింటికి ఒక రాష్ట్రంలో లక్ష వెతుకులాటలు జరిగాయి, అందులో 500 వ్రతకథవి. వాటా 0.5 శాతం. తెల్లవారుజామున ఐదింటికి మొత్తం 40 వేలే జరిగాయి, అందులో 300 వ్రతకథవి. వాటా 0.75 శాతం. గీత మీద తెల్లవారుజాముకు 100 వస్తుంది, సాయంత్రానికి 67 వస్తుంది. సంఖ్యలో చూస్తే సాయంత్రమే ఎక్కువ. గీత అబద్ధం చెప్పలేదు. ఆ గంటలో మేలుకున్నవాళ్ల మనసులో ఏముందో చెప్పింది. “ఎక్కువమంది” అని రాయాల్సిన చోట “ఎక్కువ వాటా” అని రాయండి. ఈ ఒక్క జాగ్రత్తతో సగం పొరపాట్లు పోతాయి.

దీని నుంచే ఇంకో నియమం వస్తుంది. విడివిడిగా తీసిన రెండు గీతల్లోని అంకెలను పోల్చకూడదు. ఒక గీతలో 80, ఇంకో గీతలో 80 ఒకటి కావు. పోల్చాలంటే రెండిటినీ ఒకే తెరలో కలిపి పెట్టాలి. ఒక తెరలో కలపగల మాటలకు పరిమితి ఉంటుంది. జాబితాలో పదిహేను సంగతులుంటే ఒక మాటను అన్ని తెరల్లోనూ ఉంచండి. వారం పొడుగునా నిలకడగా ఉండే ‘బంగారం ధర’ లాంటిది మంచిది. దానితో పోల్చి మిగతావాటిని ఒకే కొలతలోకి తెచ్చుకోవచ్చు. ధర బాగా ఎగిరిపడిన వారంలోనూ అక్షయ తృతీయ వారంలోనూ మాత్రం ఇది పనికిరాదు, వేరే మాట వెతుక్కోండి.

ట్రెండ్స్ మొత్తం వెతుకులాటలను లెక్కించదు, అందులోంచి ఒక నమూనా తీసుకుంటుంది. ఒకే ప్రశ్న ఈరోజు, రేపు అడిగితే అంకెలు కొద్దిగా మారవచ్చు. చిన్న ఊళ్ల విషయంలో ఈ మార్పు పెద్దగా ఉంటుంది. సున్నా కనిపిస్తే ఎవరూ వెతకలేదని కాదు, చూపించేటంత డేటా లేదని అర్థం.

2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని బ్రిటన్ ఓటు వేసిన మర్నాడు, “యూరోపియన్ యూనియన్ అంటే ఏమిటి” అన్నది ఆ దేశంలో ఆ సంగతి మీద వేగంగా లేచిన ప్రశ్నల్లో ఒకటని గూగుల్ చెప్పింది. బ్రిటిష్ వాళ్లకు తాము దేనికి ఓటేశారో కూడా తెలియదంటూ ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. ఎంతమంది అడిగారో ఆ జాబితాలో లేదు. అడిగినవాళ్లు ఓటు వేశారో లేదో, వాళ్లకు ఓటుందో లేదో అసలే లేదు. మన ఎన్నికల ఫలితాల వారంలో ఇలాంటి వాక్యం రాయాలనిపిస్తే ఇది గుర్తుచేసుకోండి.

6. మ్యాపు చూడండి, కానీ సరిహద్దు మీద వాదించకండి

గీత కింద ప్రాంతాల మ్యాపు ఉంటుంది. అక్కడా వాటాలే. తెలంగాణ 100, ఆంధ్ర 94 అని ఉంటే తెలంగాణలో ఎక్కువమంది వెతికారని కాదు. పైగా రెండు రాష్ట్రాలకూ టెలికాం సర్కిల్ ఒకటే. వెతికిన చోటును నెట్ చిరునామాను బట్టి అంచనా వేస్తారు కాబట్టి అటూ ఇటూ పొరపడే వీలుంది. నాలుగైదు అంకెల తేడాను పట్టించుకోకండి. 100, 40 లాంటి తేడా వస్తే దాని వెనక కారణం వెతకండి.

అమెరికా తెలుగువాళ్ల కోసం దేశం అమెరికా పెట్టి, తెలుగు లిపిలో మాట ఇచ్చి, మెట్రో ప్రాంతాల వారీగా చూడండి. డేటా తక్కువ కాబట్టి వారానికి బదులు 90 రోజులు తీసుకుంటేనే ఏదైనా కనిపిస్తుంది.

7. అనుబంధ ప్రశ్నల్లో ‘రైజింగ్’ చదవండి

కింద ‘టాప్’, ‘రైజింగ్’ అని రెండు ఉంటాయి. టాప్ అంటే ఆ సంగతితో కలిపి ఎక్కువగా వెతికినవి, రైజింగ్ అంటే అంతకుముందు వ్యవధి కన్నా బాగా పెరిగినవి. కొన్నిటి పక్కన శాతానికి బదులు ‘బ్రేకౌట్’ అని ఉంటుంది. పెరుగుదల 5000 శాతం దాటిందని దాని అర్థం. అది చూసి కంగారుపడకండి. నిన్న ఇద్దరు ముగ్గురే అడిగిన మాటను ఈరోజు కొన్ని వందల మంది అడిగినా బ్రేకౌట్ అవుతుంది.

అయినా నాకు మొత్తం పనిలో ఇష్టమైన చోటు ఇదే. జనం గొంతు ఇక్కడ వినిపిస్తుంది. పండుగ టాపిక్ కింద “పూజ ఎన్ని గంటలకు”, “నిమజ్జనం ఎప్పుడు” ఉంటాయేమో చూడండి. వరద కింద “ఏ రైళ్లు నడుస్తున్నాయి”, సుంకం కింద “రొయ్యల కౌంటు ధర”, డీఎస్సీ కింద “కాల్ లెటర్ ఎలా డౌన్‌లోడ్ చేయాలి” లాంటివి కనిపిస్తాయేమో వెతకండి. స్థానిక విలేకరికి మర్నాడు రాయాల్సిన వార్తలు వీటిలోనే ఉంటాయి. అధికారులు ప్రకటన ఇచ్చేశారు కదా అనుకుంటాం, జనం ఇంకా అడుగుతున్నారంటే ఆ ప్రకటన వాళ్లకు అందలేదని, లేదా అర్థం కాలేదని.

8. వికీపీడియాలో వీక్షణలు లెక్కపెట్టండి

ట్రెండ్స్ ఇవ్వని అసలు సంఖ్య వికీపీడియా ఇస్తుంది. ఏ వ్యాసం ఏ రోజు ఎన్నిసార్లు తెరిచారో 2015 జూలై నుంచి బహిరంగంగా ఉంది. ‘పేజ్‌వ్యూస్’ పనిముట్టులో వ్యాసం పేరు, తేదీలు ఇస్తే చాలు. ‘టాప్‌వ్యూస్’లో తెలుగు వికీపీడియాను ఎంచుకుని రోజు చెబితే ఆ రోజు ఎక్కువగా చూసిన పేజీల వరుస వస్తుంది. అది రోజుకో నెలకో ఇస్తుంది, వారానికి ఇవ్వదు. ఏడు రోజులవి దించుకుని స్ప్రెడ్‌షీట్‌లో కూడుకోవాలి. మొదటి పేజీ, అన్వేషణ పేజీ లాంటివి కనిపిస్తే తీసేయండి. ‘లాంగ్‌వ్యూస్’లో ఒకే సంగతికి తెలుగులో ఎన్ని, ఇంగ్లీషులో ఎన్ని అన్నది కూడా చూడవచ్చు. తెలుగులో వ్యాసమే లేని సంగతి జాబితాలోకి వచ్చిందంటే వికీ రచయితలు వెంటనే రాయవలసిన వ్యాసం అదే.

ఈ సంఖ్యలను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. 2021 ఫిబ్రవరిలో వికీమీడియా ఇంజనీర్లు ఒక వింత గమనించారు. ఊదా రంగు ఆస్టర్ పువ్వు ఫొటో ఒకదాన్ని భారతదేశం నుంచి రోజుకు తొమ్మిది కోట్లసార్లు అడుగుతున్నారు. సింగపూర్‌లోని వాళ్ల డేటా కేంద్రానికి వచ్చే బొమ్మల అభ్యర్థనల్లో ఐదో వంతు ఆ ఒక్క పువ్వుకే. వెనక్కి వెళ్లి చూస్తే ఆ పెరుగుదల 2020 జూన్ చివర, టిక్‌టాక్‌ను నిషేధించిన రోజుల్లో మొదలైంది. చివరికి తేలిందేమిటంటే, మన దేశంలో కొత్తగా జనాదరణ పొందిన ఒక యాప్ తెరిచినప్పుడల్లా తెర వెనక ఆ బొమ్మను దించుకుంటోంది. వాడేవాళ్లకు ఆ పువ్వు కనిపించనే కనిపించదు. తొమ్మిది కోట్ల అంకె చూసి “భారతీయులకు ఆస్టర్ పువ్వంటే ప్రాణం” అని ఎవరైనా రాసి ఉంటే ఎంత పొరపాటు!

అందుకే టాప్‌వ్యూస్‌లో మొబైల్ శాతం చూపించే ఎంపికను పెట్టండి. మనుషులు చదివే పేజీకి మొబైల్, డెస్క్‌టాప్ రెండూ కలిసి ఉంటాయి. ఒక పేజీకి దాదాపు అన్ని వీక్షణలూ ఒక వైపు నుంచే వస్తే, వెనక ఏదో యంత్రం నడుస్తోందని అనుమానించాలి. వార్తల్లో ఎక్కడా లేని సంగతి ఒక్క రోజు లేచి మర్నాడు మాయమైనా అంతే. ఇంగ్లీషు నివేదిక రాసేవాళ్లు కూడా ఇలాంటి పేజీలను పక్కన పెడతారు. తెలుగు వికీపీడియా చిన్నది కాబట్టి మనకు ఈ జాగ్రత్త మరింత అవసరం. కొన్ని వందల వీక్షణలే ఒక పేజీని వరుసలో పైకి తెచ్చేయగలవు.

9. ‘ఎందుకు’ అన్న గడి నింపండి

ఆ ఇంగ్లీషు నివేదికలో ప్రతి వ్యాసం పక్కనా అది ఎందుకు పైకొచ్చిందో రెండు మూడు వాక్యాలు రాస్తారు. మీ జాబితాలోనూ ఆ గడి ఖాళీగా ఉండకూడదు. గీత లేచిన గంట తెలుసు కాబట్టి, ఆ గంటకు ముందు ఏం జరిగిందో పత్రికల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో, టీవీలో చూడండి. కారణం గీత కన్నా ముందు జరిగి ఉండాలి. తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు మూడు నెలల ముందుగా, నెలనెలా ఒక తేదీన ఆన్‌లైన్‌లో విడుదల అవుతాయి. ఆ ఉదయం గీత లేస్తే అది భక్తి పెరగడం వల్ల కాదు, టికెట్లు తెరుచుకోవడం వల్ల.

పెరుగుదలను చూసి దాని వెనక ఉన్నదాన్ని కొలవాలనుకోవడం పెద్ద పెద్దవాళ్లకే చిక్కు తెచ్చింది. జ్వరాల గురించి జనం వెతికే మాటలను బట్టి ఫ్లూ ఎంత ఉందో చెబుతామంటూ గూగుల్ 2008లో ఒక సేవ మొదలుపెట్టింది. 2011లో డెంగ్యూకు కూడా పెట్టారు, ఆ ఐదు దేశాల్లో మన దేశమూ ఉంది. 2012-13 శీతాకాలంలో అమెరికాలో ఫ్లూ అంచనా ప్రభుత్వ లెక్కకు దాదాపు రెట్టింపు వచ్చింది. 2015లో ఆ సేవలు ఆపేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా వార్త చూసి భయంతో వెతుకుతారన్నది ఒక ముఖ్యమైన వివరణ. వానాకాలంలో మన జిల్లాల్లో “డెంగ్యూ లక్షణాలు” లేచినప్పుడు, “డెంగ్యూ పెరిగింది” అని రాయకండి. “డెంగ్యూ గురించి అడగడం పెరిగింది” అని రాసి, కేసుల సంఖ్య వైద్య ఆరోగ్య శాఖను అడగండి.

తగ్గుదలకూ ఇదే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ అనే వాట్సాప్ సేవ మొదలుపెట్టింది. ఆ ఏడాది ఇంటర్ ఫలితాలు అందులో కూడా ఇచ్చారు. కాబట్టి ఫలితాల రోజు గీత ముందటేటి కన్నా కిందకు ఉంటే, పిల్లలకు ఆసక్తి తగ్గిందని కాకుండా వాళ్లు వేరే దారిన వెళ్లారేమో ముందు చూడాలి. వాట్సాప్ గుంపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, ఏఐ చాట్‌లలో అడిగేవి ఈ లెక్కల్లోకి రావు. ఇదీ మీ జాబితా పైన ఒక వాక్యంలో రాసిపెట్టండి.

కారణం దొరకకపోతే “కారణం తెలియలేదు” అని రాయండి. ఊహతో నింపిన గడి కన్నా అది వెయ్యి రెట్లు మేలు.

10. ఏం వదిలేయాలో నిర్ణయించండి

దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. దాడికి గురైన ఆడపిల్ల పేరు, ఆత్మహత్య చేసుకున్న విద్యార్థి పేరు, ఎవరిదో లీకైన వీడియో కొన్ని వారాల్లో పైకి వస్తాయి. జనం వెతికారు కదా అని ఆ పేరు మీ జాబితాలో పెడితే, చూడనివాళ్లు కూడా వెతుకుతారు. బాధితుల పేరు బయటపెట్టడం కొన్ని నేరాల్లో చట్టరీత్యా కూడా తప్పే. అలాంటి వరుస వచ్చినప్పుడు పేరు తీసేసి, స్థానం మాత్రం ఉంచి, “ఒక నేరానికి సంబంధించిన వెతుకులాట, వివరాలు ఇవ్వడం లేదు” అని రాయండి. ప్రాణహానికి దారితీసే పద్ధతుల గురించిన మాటలైతే వరుసనే తీసేయండి. ప్రజాజీవితంలో లేని మామూలు మనిషి పేరు ఏ కారణంతో పైకొచ్చినా ఇదే నియమం.

11. రాసి, దాచండి

పది, పన్నెండు వరుసలు చాలు. ఒక్కో వరుసలో సంగతి, గీత ఎప్పుడు లేచింది, ఏ రాష్ట్రంలో వాటా ఎక్కువ, వికీ వీక్షణలు ఎన్ని, జనం అడిగిన అసలు ప్రశ్న ఒకటి, ఎందుకు. ఇవి ఉంటే చాలు. వాటాను, సంఖ్యను ఒకే వాక్యంలో కలపకండి. తీసిన తేదీ, సమయం, వాడిన స్పెల్లింగులు కింద రాయండి.

ప్రతి వారం ఫైలును అలాగే ఉంచండి, పాతది చెరిపి కొత్తది రాయకండి. పాత ఏళ్లతో పోల్చాలనిపించినప్పుడు ట్రెండ్స్ గీత మీద 2011, 2016, 2022 జనవరిల దగ్గర చిన్న గుర్తులు కనిపిస్తాయి. లెక్కించే పద్ధతి మార్చిన తేదీలవి. వాటికి అటూ ఇటూ ఉన్న గీతలను నేరుగా పోల్చకండి. చవితి వారాన్ని ముందటేటి చవితి వారంతో పోల్చాలి, ముందటేటి అదే తేదీతో కాదు. 2024లో చవితి సెప్టెంబర్ 7 శనివారం వచ్చింది, 2025లో ఆగస్టు 27 బుధవారం వచ్చింది. సెలవురోజు పండుగకూ పనిరోజుల మధ్య పండుగకూ ఇళ్లలో వెతికే వేళలు మారతాయేమో ఆ రెండు వారాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి అభ్యాసంగా ఇది బాగుంటుంది.